పుల్లటి రొట్టె

కుర్చీలో కూర్చున్నాడో లేదో, కింద పట్టీలు వదులైపోయాయని అతనికి తెలిసిపోయింది. సీటు మధ్యలో గుంట, ఆ గుంట కాస్త ఎడమకి ఒరిగి ఉంది, అంటే ఆ వైపు పట్టీ ఒకటి తెగిందన్నమాట, పైన రెగ్జిన్ మాత్రం నిగనిగలాడుతూ కొత్తగా ఉంది. లోపల ఏమైపోయినా పైన కొత్త తొడుగు వేసి నెట్టుకొచ్చే ఇలాంటి పని చూస్తే మామూలుగా అతనికి ఒళ్ళు మండుతుంది. ఈ పూట మండలేదు. ఈ భోజనశాలలో తనకి తెలిసిన వస్తువంటూ ఉంటే అది ఆ తెగిన పట్టీ ఒక్కటే. ఎదురుగా కూర్చున్న భార్య కూడా సీటు అంచు వేలితో తడిమి, కుట్టు ఎక్కడ వంకర పోయిందో చూసి, తలెత్తి అతనివైపు చూసింది. ఇద్దరూ ఒకటే అనుకున్నారు, ఇద్దరూ పైకి అనలేదు. సోఫాలూ కుర్చీలూ బాగుచేసే దుకాణంలో ఇన్నేళ్ళుగా అతను చెక్కా స్ప్రింగులూ మేకులూ చూసుకుంటే, ఆమె మిషను ముందు కూర్చుని తొడుగులు కుట్టింది, ఎవరింటికి వెళ్ళినా మనుషులకంటే ముందు కూర్చోబోయే కుర్చీని పలకరించడం ఇద్దరికీ అలవాటైపోయింది. గోడ మీద ఏదో దూరదేశపు కొండల బొమ్మ, పక్కన గడ్డితో అల్లిన రంగురంగుల బుట్టలు, ఎప్పుడూ వినని తీగవాయిద్యమేదో సన్నగా మోగుతోంది, వంటింటి తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇంత ఆవిరి బయటికి వస్తోంది. ఆ ఆవిరిలో ఏ వాసన ఉందో అతనికి తెలియదు. ఏదో ఉందని మాత్రం తెలుసు, లోపలికి అడుగుపెట్టగానే భార్య ముక్కుపుటాలు కదలడం చూశాడు. ఈ మధ్య అతనికి వాసనలన్నీ ఆమె ముఖంలోనే కనిపిస్తున్నాయి.

జేబులో మడతపెట్టిన రుమాలుంది, బల్ల మీద ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా ఉంది, ఆ రెండూ లేకుండా అతను గుమ్మం దాటి ఎంత కాలమైందో. నోట్లో తడి ఉండదు. మాట్లాడాలంటే ఒక గుక్క, మింగాలంటే ఒక గుక్క, ఊరికే కూర్చున్నా ఒక గుక్క. కింది పెదవి కుడి మూల మొద్దుబారిపోయింది, అక్కడినుంచి ఏదైనా కారినా తెలియదు, ఎదుటివాళ్ళ చూపు గడ్డం మీదికి జారి చటుక్కున పక్కకి తప్పుకున్నప్పుడు మాత్రం తెలుస్తుంది. అందుకే ఆపరేషనయ్యాక అతను నలుగురిలో కూర్చుని తిన్నది లేదు. మేనల్లుడి పెళ్ళిలో కడుపు బాగాలేదన్నాడు, పాత కస్టమరింట్లో టీ ఇస్తే ఇప్పుడే తాగొచ్చానన్నాడు, కూతురి పుట్టినరోజున కేకు ముక్క నోటిదాకా తీసుకెళ్ళి, ఫొటో తీయడం అయిపోయాక కిందపెట్టాడు. ఇక్కడేమో పక్క బల్ల దగ్గర ముగ్గురు కుర్రాళ్ళు, ఆ దేశంవాళ్ళే కాబోలు, ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ వంగి చేతులతో తింటున్నారు, తింటూనే మాట్లాడుతున్నారు, మాట్లాడుతూనే పగలబడి నవ్వుతున్నారు. ఒక నోరు ఒకేసారి అన్ని పనులు చేయగలదని అతను మరిచిపోయాడు. వాళ్ళ నోళ్ళవైపు చూడకూడదనుకుంటూనే చూశాడు, పరాయివాళ్ళ కిటికీలోంచి లోపలికి చూసినట్టు.

మొదట నాలుక పక్కన చిన్న పుండు. పన్ను గీసుకుందనుకున్నాడు. తర్వాత మేకులనుకున్నాడు, ఎందుకంటే పనిలో మునిగినప్పుడు అతని నోరే మేకుల డబ్బా, గుప్పెడు చిన్న మేకులు బుగ్గలో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటీ తలకిందులు చేసి పెదవుల మధ్యకి తెచ్చి, సుత్తి కొసకి అందించడం అతని గురువు నేర్పిన పద్ధతి, అలా రోజంతా నోట్లో ఇనుప రుచి ఉండేది, సాయంత్రం టీ తాగితేగాని పోయేది కాదు. పుండు క్యాన్సరని తేలిన రోజున, దానికీ మేకులకీ సంబంధం లేదని డాక్టరమ్మ మళ్ళీ మళ్ళీ చెప్పింది. అయినా భార్య ఆ రాత్రే మేకుల డబ్బాలన్నీ తీసుకెళ్ళి అటక మీద పెట్టేసింది, మర్నాడు అయస్కాంతం పళ్ళెం ఒకటి కొనుక్కొచ్చి అతని పని బల్ల మీద పెట్టింది, ఎవరి మీద కోపం తీర్చుకోవాలో తెలియక మేకుల మీద తీర్చుకున్నట్టుంది. నాలుకలో కొంత తీసేశారు. తర్వాత కరెంటు పెట్టారు, రేడియేషన్‌ని వాళ్ళ వీధిలో అందరూ అలాగే అంటారు. ముఖానికి తొడుగు బిగించి బల్ల మీద పడుకోబెట్టి అందరూ గది బయటికి వెళ్ళిపోయేవాళ్ళు, తలుపు మూసుకున్న చప్పుడు, పైన మిషను తిరిగే చప్పుడు, ఆ తొడుగు తన కొలతకి ఎంత చక్కగా కుదిరిందో అని అతను మనసులో పనిమంతుణ్ణి మెచ్చుకుంటూ పడుకునేవాడు. నొప్పి లేదే అనుకున్నాడు. నొప్పి తర్వాత వచ్చింది. ముక్కులో గొట్టం వేశారు, ఆ గొట్టంలోకి భార్య పిచికారీతో పాలు ఎక్కించేది, కళ్ళార్పకుండా, సూదిలో దారం ఎక్కిస్తున్నంత శ్రద్ధగా, అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు. గొట్టం తీసేసిన రోజు ఇంట్లో అందరూ సంబరపడ్డారు. ఆ రోజే అతనికి తెలిసింది, రుచి పోయిందని.

పోయిందంటే పూర్తిగా పోలేదు, అలా పోయినా బాగుండేదేమో. ఒక్కొక్కటీ వేరే ఇంకోటైపోయింది. పాలు సున్నం నీళ్ళలా, గుడ్డు తడిసిన అట్టముక్కలా, అరటిపండు సబ్బులా, అన్నం నమిలేకొద్దీ నోట్లో దూదిలా పెరిగిపోయేది. తిండి బాగాలేనప్పుడు రుచీ పచీ లేదని అందరూ అంటారు, అతనూ ఎన్నోసార్లు అన్నాడు, ఆ మాటకి అసలు అర్థం ఏమిటో ఇప్పుడు తెలిసొచ్చింది. భార్య వంటకి పేరుంది. దుకాణానికి బట్టల నమూనాలు తెచ్చే సేల్స్ మనిషి సరిగ్గా మధ్యాహ్నం భోజనం వేళకే వచ్చేవాడు, ఎందుకొచ్చావంటే దారిలో పడ్డానండీ అనేవాడు. అలాంటి చెయ్యి. ఆ చేత్తో ఆమె అతనికి వండనిది లేదు, మెత్తగా, పలచగా, వడగట్టి, చల్లార్చి, గిన్నె తెచ్చి ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని, అతను మొదటి చెంచా మింగేదాకా ఊపిరి బిగబట్టి, అప్పుడు అడిగేది, ఎలా ఉంది అని. బాగుంది అనేవాడు. రోజూ బాగుంది. ఏం చెప్తాడు మరి, నువ్వు పెట్టింది మట్టిలా ఉందని ఎలా చెప్తాడు, అది ఆమె తప్పు కాదు, కానీ చెప్తే ఆమెకే తగులుతుంది. ఒకరోజు అతను సగం తిని వదిలేసిన గిన్నె తీస్తూ ఆమె కొంచెం నోట్లో వేసుకుంది. అక్కడే ఆగిపోయింది.

"ఇందులో ఉప్పు రెండుసార్లు పడింది. తెలుసా మీకు?"

అతను నీళ్ళ సీసా అందుకున్నాడు.

"ఇన్నాళ్ళూ బాగుంది, బాగుంది అన్నది ఇదేనా?"

అరవలేదు. అరిచినా బాగుండేది. గిన్నె తొట్టిలో పెట్టి కొళాయి తిప్పి అలాగే నిలబడింది, గిన్నె ఎప్పుడో నిండి నీళ్ళు పొర్లిపోతున్నా చూస్తూ నిలబడింది. ఆ తర్వాత ఎలా ఉందని అడగడం మానేసింది. గిన్నె తెచ్చి పెడుతుంది, వెళ్ళిపోతుంది. అతను తినడం నిదానం, ఒక గిన్నెకి గంట పడుతుంది, ఆమెని కూర్చోబెట్టడం ఎందుకని అతనే నువ్వు తినేసెయ్ అనేవాడు, ఆమె వంటింట్లో తినేది, లేదా తింటోందని అతను అనుకునేవాడు, లోపల్నుంచి గిన్నెల చప్పుడు వినిపించేది. వేపుళ్ళు లేవు, పోపు లేదు, ఘాటుకి అతని గొంతు మండుతుందని కిటికీలు తెరిచి వండేది. రాత్రిళ్ళు గొంతు ఆరిపోయి లేచినప్పుడల్లా ఆమె నిద్ర చెడుతుందని ముందు గదిలో వాలుకుర్చీలో పడుకోవడం మొదలుపెట్టాడు. దుకాణంలో మాటలకి కొదవలేదు, ఆ స్పాంజి ఎప్పుడొస్తుంది, ఈ జిప్పు ఎంత పొడవు, ఇంటికొస్తే మాత్రం ఇద్దరూ ఒకరినొకరు తగలకుండా తప్పుకుంటూ తిరిగేవాళ్ళు, ఇరుకు గదిలో పెద్ద సోఫా పెట్టుకున్నవాళ్ళలా.

ఇక్కడికి వచ్చింది ఆస్పత్రి నర్సు మాట వల్ల. బరువు చూసే నర్సు, ముక్కుసూటి మనిషి, కాటా మీద అంకె చూసి కళ్ళజోడు పైకి తోసుకుని, ఇంటి వంట మానెయ్యండి కొన్నాళ్ళు అంది. భార్య ముఖం ఎలా మారిందో అతను చూడలేదు, చూడదల్చుకోలేదు. నర్సు మాత్రం ఆగలేదు. "మీ వంట తప్పేం కాదమ్మా. ఈయన నాలుకకి మీ వంట గుర్తుంది. గుర్తున్నది దొరక్క అది అలుగుతోంది. జన్మలో తిననిది ఏదైనా పెట్టండి, అలగడానికి దాని దగ్గర ఏమీ ఉండదు." బస్సులో తిరిగొస్తూ భార్య కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. సిగ్నలు దగ్గర బస్సు ఆగినప్పుడు ఒక బోర్డువైపు చూసింది, గాజు తలుపు మీద తెలియని లిపిలో గుండ్రటి అక్షరాలు, కింద మామూలు అక్షరాల్లో భోజనశాల అని. ఆ వారమంతా ఆ సంగతి ఎత్తలేదు. ఈ పొద్దున్న దుకాణం తెరవకుండా ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి నిలబడింది. అతను ససేమిరా అన్నాడు. నలుగురిలో నావల్ల కాదన్నాడు, అక్కడ కారం మండిపోతుందన్నాడు, ఏం పెడతారో ఏమిటో అన్నాడు. ఆమె అన్నీ విని, "మీరు తినక్కర్లేదు. పక్కన కూర్చోండి, చాలు" అంది. ఆ మాటలో బతిమాలడం లేదు, అలసట ఉంది. అందుకే చెప్పులేసుకున్నాడు.

వడ్డించడానికి వచ్చినావిడకి వీళ్ళ వయసే ఉంటుంది, ఇంకా కాస్త పెద్దేమో, పొడుగ్గా, సన్నగా, తలకి తెల్లటి పల్చని గుడ్డ చుట్టుకుని ఉంది, ఆ గుడ్డ అంచున సన్నటి రంగు నేత, భార్య చూపు ముందు ఆ అంచు మీదే పడింది. ఆవిడ చేతిలో పెట్టిన కార్డులో ఒక్క పేరూ అర్థం కాలేదు. భార్య కార్డు తిప్పి వెనక్కి చూసింది, మళ్ళీ ముందుకి తిప్పింది, చివరికి మూసేసి, "ఈయనకి నోరు బాగోదండీ. ఆపరేషనైంది. కారం వద్దు. మెత్తగా ఉండాలి" అని తన బుగ్గ మీద చెయ్యి పెట్టి చూపించింది. అతనికి తల కొట్టేసినట్టైంది. బస్సు కండక్టరుకి చెప్తుంది, మందుల షాపులో చెప్తుంది, ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఈవిడకి కూడా చెప్పాలా అనుకున్నాడు, సీసా ఎత్తి ఒక గుక్క తాగాడు. ఆవిడ మాత్రం జాలిపడలేదు. అతని దవడ కింద మచ్చవైపు ఒకసారి సూటిగా చూసింది, దర్జీ కొలత చూసుకున్నట్టు, తలూపి, "కారం లేదు. మెత్తన. నేను తెస్తా" అని కార్డు తీసుకుని వెళ్ళిపోయింది. చూపు తప్పించకుండా చూసినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు, అదొక్కటీ అతనికి కొంచెం నచ్చింది.

వచ్చింది ఒక్క పళ్ళెమే. రెండోది వెనక వస్తుందనుకుని అతను మోచేతులు తీసి చోటిచ్చాడు. రాలేదు. పళ్ళెం నిండా పరిచిన పెద్ద రొట్టె, బూడిదరంగుది, పైనంతా సన్నటి కళ్ళు, తేనెపట్టు చూసినట్టుంది, దాని మీద అక్కడక్కడా గుప్పెడేసి పప్పులూ, ఆకుకూరా, పసుప్పచ్చటి దుంపలూ కుప్పలుగా పోసి ఉన్నాయి, పక్కన అదే రొట్టె చుట్టలుగా చుట్టి పెట్టారు. చెంచా లేదు. భార్య బల్ల మీద అటూ ఇటూ వెతుకుతుంటే ఆవిడ తన కుడిచెయ్యి ఎత్తి చూపించి, "ఇక్కడ చెయ్యే చెంచా" అని నవ్వి వెళ్ళింది. అతను వంగి ఆ రొట్టెని చూశాడు, వేలితో నొక్కాడు, గుంట పడింది, వేలు తీయగానే నెమ్మదిగా పైకి లేచింది.

"స్పాంజి" అన్నాడు.

"మంచి రకమే. అణిగిపోవట్లేదు" అంది భార్య.

ఇద్దరికీ కాసింత నవ్వొచ్చింది, నవ్వడానికి కూడా అతను చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఒకే పళ్ళెం. ఇద్దరి మధ్యా ఒకే పళ్ళెం ఉండి ఎన్నేళ్ళైందో, కొత్తగా దుకాణం పెట్టిన రోజుల్లో ఒకే క్యారేజీ ఉండేది, తొడుగు లేని సోఫా అస్థిపంజరం మీద ఎదురెదురుగా కూర్చుని ఒకే గిన్నెలో తినేవాళ్ళు, స్ప్రింగుల సందుల్లోంచి మెతుకులు కింద రాలేవి, ఆమె నవ్వేది, కొన్నవాళ్ళకి మన భోజనం కూడా ఉచితం అనేది. అప్పుడు ఆమె ఎంత తినేదో అతనికి గుర్తుంది, ఆకలైతే ఆగేది కాదు, చేతిలో కత్తెర పడేసి లేచేది. ఆ గిన్నె ఎప్పుడు రెండు గిన్నెలైంది, రెండు గిన్నెలు ఎప్పుడు రెండు గదులయ్యాయి, ఎవరూ తలుపు వేయలేదు, ఎవరూ పోట్లాడలేదు, అలా జరిగిపోయింది, సీటు కింద పట్టీ రోజుకింత వదులైనట్టు, కూర్చునేవాడికి తెలియకుండా.

ముందు ఆమే తుంచింది. చుట్ట చివర చిన్న ముక్క తీసి, పప్పు అంటీ అంటకుండా అద్ది, నోట్లో పెట్టుకుంది. నమిలింది. కనుబొమ్మలు ఒకటి పైకి, ఒకటి కిందకి వెళ్ళాయి. అతను చూస్తూ చూస్తూ, తనకి తెలియకుండానే అడిగేశాడు.

"ఎలా ఉంది?"

ఆమె ఇంకో ముక్క తుంచి మళ్ళీ నమిలింది. "తెలీట్లేదు" అంది చివరికి. "పుల్లగా ఉంది. తడిబట్ట నోట్లో పెట్టుకున్నట్టుంది. బాగుందో లేదో నాకేం తెలీట్లేదు." ఆ మాటకి అతని లోపల ఏదో బిగుతు సడలింది. ఆమెకీ తెలియదు. వంటంటే ఆమె మాటే చివరి మాట, ఆమెకే తెలియనప్పుడు అతనికి తెలియకపోవడంలో వింతేముంది. ఈ బల్ల దగ్గర ఇద్దరూ ఒకటే, ఈ రొట్టె ఎలా ఉండాలో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. చెయ్యి చాపి చిన్న ముక్క తుంచాడు, చల్లగా, తడిగా, వేళ్ళకి మెత్తగా తగిలింది, ఎడమ బుగ్గలో పెట్టుకుని సీసా దగ్గరికి లాక్కుని ఎదురుచూశాడు. ఏమీ లేదు. స్పాంజే. అనుకున్నదే అనుకుని నీళ్ళకోసం మూత తిప్పుతుండగా దవడ మూలలో, చెవి కింద, సూదితో పొడిచినట్టు చురుక్కుమంది. మళ్ళీ చురుక్కుమంది. ఆ వెంటనే నోట్లోకి ఏదో వచ్చింది. వెచ్చగా, పలచగా, నాలుక కిందనుంచి.

రక్తం. కుట్టు విడిపోయింది. డాక్టరమ్మ చెప్పలేదూ, గట్టివి తినకండి, పుల్లవి తినకండి, చెప్పిందో లేదో, చెప్పే ఉంటుంది, నలుగురిలో, ఈ కొత్తచోట, పక్క బల్ల కుర్రాళ్ళ ముందు, భార్య ఇస్త్రీ చీర మీద. మాట్లాడకుండా నోరు మూసుకుని జేబులోంచి రుమాలు లాగి పెదవులకి అదుముకున్నాడు. ఆమె చూసింది. చేతిలో ముక్క పళ్ళెంలో పడిపోయింది, కుర్చీ వెనక్కి తోసి సగం లేచింది.

"రక్తమా?"

రుమాలు తీసి చూశాడు. తెల్లగా ఉంది. మడత విప్పి మళ్ళీ చూశాడు, తడి ఉంది, రంగు లేదు. నోట్లో ఇంకా వస్తోంది, వేసవిలో బుసబుసమని గాలి మాత్రమే వదిలే కొళాయిలోంచి ఉన్నట్టుండి సన్నగా ధార మొదలైనట్టు. మింగాడు. నీళ్ళ సీసా ముట్టుకోకుండా మింగాడు.

"కాదు" అన్నాడు. "నీళ్ళు."

"నీళ్ళేంటి? ఏ నీళ్ళు?"

"నోట్లో నీళ్ళు. ఊరాయి."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. లేచినదల్లా అలాగే బల్ల అంచు పట్టుకుని నిలబడి అతని నోటివైపు చూసింది, చాలాసేపు చూసింది, తర్వాత నెమ్మదిగా కూర్చుని చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది, పుల్లటివాసనకి ముక్కు కారుతోందన్నట్టు. నోరూరడం. ఎంత తేలిగ్గా వాడేశాడు ఆ మాటని, స్వీటు షాపు ముందు, కోసిన మామిడికాయ చూసి, కొత్త రెగ్జిన్ రంగు చూసి కూడా నోరూరుతోందోయ్ అనేవాడు. అది ఒంట్లో జరిగే పని అనీ, జరగకుండా ఆగిపోగలదనీ ఎవరికి తెలుసు. ఇంకో ముక్క తుంచాడు. మళ్ళీ చెవి కింద అదే చురుకు, ఈసారి భయపడలేదు, ఆ నొప్పికోసమే కాచుకుని కూర్చున్నాడు, వచ్చింది. పులుపు. పులుపొక్కటే, వెనక ఇంకేమీ లేదు, చీకటి గదిలో ఒక మూల చిన్న దీపం పెట్టినట్టు, ఆ వెలుగులో మిగతా గది ఖాళీగా ఉందని కూడా కనిపిస్తోంది. అయినా దీపం దీపమే. పప్పు అద్దుకుని తిన్నాడు, ఆకుకూర తిన్నాడు, దుంప తిన్నాడు.

"పప్పు మట్టిలా ఉంది" అన్నాడు. "దుంపేమో కొవ్వొత్తిలా ఉంది. ఆకుకూర అసలు నోట్లో ఉన్నట్టే లేదు. రొట్టె ఒక్కటే తెలుస్తోంది."

చెప్పాక నాలుక కరుచుకోబోయాడు, ఆగాడు. ఆమె ముఖం చిన్నబోలేదు. ఎందుకు చిన్నబోతుంది, ఆ పప్పు ఆమె వండింది కాదు. "మట్టంటే ఎలాంటి మట్టి?" అని అడిగింది, నిజంగా తెలుసుకోవాలని. అతను చెప్పాడు. వాన పడ్డప్పటి మట్టి కాదు, ఎండిపోయి గోడనుంచి రాలే మట్టి అన్నాడు. పాలు సున్నంలా ఉంటాయన్నాడు, గుడ్డు అట్టముక్కన్నాడు, అరటిపండు సంగతి చెప్తే ఆమె ఏ సబ్బు అంది, బట్టల సబ్బు అంటే, అయ్యో రోజూ పెట్టానే అంది, అతను నవ్వాడు, ఆమె నవ్వలేదు గానీ కళ్ళలో నవ్వు తడిగా మెదిలింది. ఇన్ని నెలలుగా ఒక్కడే మోసుకు తిరిగినవన్నీ ఒక్కొక్కటీ ఆ పళ్ళెం అంచున పెడుతున్నట్టుంది అతనికి, అవి పగలలేదు, ఎవరికీ తగలలేదు. మధ్యలో గొంతు బొంగురుపోయింది, మాట ముద్దగా వచ్చింది, ఆమె ఏంటీ అని ఒక్కసారి కూడా అడగలేదు.

తెల్లగుడ్డ ఆవిడ ఎప్పుడు వచ్చి నిలబడిందో. నడుం మీద చేతులు పెట్టుకుని పళ్ళెం చూసింది, ఎవరి వైపు వాళ్ళు తింటున్న రెండు చిన్న గుంటలు చూసింది, తల అడ్డంగా ఊపింది. "ఇలా కాదు" అంది. వంగి, రొట్టె ముక్క ఒకటి తుంచి, అందులో పప్పూ కూరా పెట్టి గాల్లో చుట్టి చూపించి, అతని చేతిని చూపుడువేలితో తట్టి, ఆ వేలిని భార్యవైపు తిప్పింది. "మా దగ్గర మొదటి ముద్ద మనకి కాదు. ఎదుటి మనిషికి. నోట్లో పెట్టాలి." పక్క బల్ల కుర్రాళ్ళలో ఒకడు అది విని తన చేతిలోదాన్ని పక్కవాడి నోట్లో కుక్కి చూపించాడు. భార్య బిడియంగా తల వంచుకుంది. ఏమిటండీ ఈ వయసులో అని గొణిగింది. అతనికి ముక్కులో గొట్టం గుర్తొచ్చింది, పిచికారీ, గోడవైపు తిరిగిన తన మొహం, ఇన్నాళ్ళూ పెట్టించుకోవడమే అయింది, ఆమె పెట్టడం, తను ఓర్చుకోవడం. ఒకరికి పెట్టి ఎన్నాళ్ళైంది. రొట్టె తుంచాడు, కాస్త పెద్ద ముక్కే, పప్పు పెట్టాడు, దుంప పెట్టాడు, మేకులు కొట్టి కొట్టి కాయలు కాసిన వేళ్ళతో నాలుగు అంచులూ లోపలికి మడిచాడు, దిండు మూల మడిచినట్టు గట్టిగా, ఎక్కడా జారకుండా. చెయ్యి చాపాడు. ఆమె ఒకసారి అటూ ఇటూ చూసి, కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

ఆ ముద్ద ఆమె ఎంత ఆత్రంగా అందుకుందో అతని వేళ్ళకి తెలిసింది. పళ్ళు తగిలాయి. నమిలింది, మింగింది, వెంటనే తనే ఇంకో ముక్క తుంచుకుంది, అతనికి పెట్టాలన్నది మరిచిపోయి తన నోట్లోనే పెట్టుకుంది, ఇంకోటి, ఇంకోటి, పళ్ళెం అవతలి అంచుదాకా చెయ్యి చాపింది, ముద్ద నోటికి ఎత్తినప్పుడు మణికట్టు దగ్గర ఉండాల్సిన గాజులు గలగలమని మోచేతిదాకా జారాయి. అతను ఆ గాజులు చూశాడు. ఆ చేతికి అవి బిగుతుగా ఉండేవి, సబ్బు రాస్తేగాని వచ్చేవి కావు. అక్కడినుంచి చూపు పైకి వెళ్ళింది. మెడ దగ్గర ఎముకలు ఎప్పుడు అంత పైకి తేలాయి, చెంపలు ఎప్పుడు లోపలికి పోయాయి. జాకెట్టు భుజం దగ్గర లోపలికి వేసిన కుట్టు కనిపించింది, సన్నటి కొత్త కుట్టు, ఆమె చేతిదే. అతని ప్యాంట్లు వదులైనప్పుడల్లా ఆమె అడక్కుండా నడుము దగ్గర కుట్టు వేసి పెట్టేది, అదే దారం, అదే మిషను, ఆ పక్కనే కూర్చుని తన జాకెట్లూ బిగించుకుందన్నమాట. కాటా ఎక్కమని నర్సు అతన్నే అంది. వంటింట్లోంచి వచ్చే గిన్నెల చప్పుడు విని తింటోందనుకున్నాడు. అవి కడిగే చప్పుడు కావచ్చని, అతను వదిలేసిన గిన్నెలు మాత్రమే కావచ్చని, ముద్ద మింగడానికి కష్టపడే మనిషి ముందు గదిలో కూర్చుని ఉండగా వెనక గదిలో ఆ మనిషి భార్య గొంతులోకి ఏం దిగుతుందని, అతనికి తట్టలేదు. తన నోరు తప్ప ఈ లోకంలో ఇంకో నోరు ఉందని తట్టలేదు.

ఏమైనా అంటే ఆగిపోతుందని భయం. తన వైపున్న పప్పు వేలితో నెమ్మదిగా ఆమె వైపు తోశాడు, దుంపలు తోశాడు, ఆమె చూడకుండానే తినేస్తోంది, వంగి, మోచెయ్యి బల్లకి ఆనించి, చెంపకి ఏదో అంటుకుంది, తుడుచుకోలేదు. మిషను ముందు కూర్చుని పొడుగు కుట్టు వేస్తున్నప్పుడు ఆమె అలాగే ఉంటుంది, మధ్యలో ఆపితే కుట్టు పాడైపోతుందన్నట్టు. పైనున్నవన్నీ అయిపోయాయి, చుట్టలు అయిపోయాయి, పళ్ళెంలో పరిచిన రొట్టె మిగిలింది, అన్నిటి రసమూ పీల్చుకుని రంగులు రంగులుగా నానిపోయి ఉంది, ఆమె అంచునుంచి దాన్నీ చింపడం మొదలుపెట్టింది. పక్క బల్ల కుర్రాళ్ళు లేచి వెళ్ళిపోయారు, వాయిద్యం ఎప్పుడో ఆగిపోయింది, గాజు తలుపులోంచి మధ్యాహ్నపు ఎండ బల్ల మీదికి వచ్చింది. పళ్ళెం అడుగు కనిపించాక ఆమె చెయ్యి ఆగింది. అప్పుడు తలెత్తి, ఖాళీ పళ్ళెం చూసి, అతన్ని చూసి, సిగ్గుపడింది.

"మీకు ఉంచనేలేదు" అంది.

"నాకు చాలింది. ఇంకోటి చెప్పనా?"

"వద్దు, వద్దు. చాలు. పదండి, దుకాణం తీయాలి."

అతను లేవలేదు. ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేవబోయి, లేవకుండా, చేతివైపు చూసుకుంటూ కూర్చుంది. కాసేపటికి, అతనితో కాకుండా ఆ చేతితోనే అన్నట్టు, చిన్నగా అంది.

"ఆకలిగా ఉందండీ."

ఆ మాట అనడానికి ఆమెకి ఎంత బరువైందో ఆ గొంతులో వినిపించింది. అతను చెయ్యి పైకెత్తాడు. తెల్లగుడ్డ ఆవిడ గల్లా దగ్గరనుంచి చూసి, ముందు భార్యవైపు తిరిగింది, మాట్లాడేది ఆమేనని అలవాటైనట్టు. భార్య నోరు తెరిచేలోపే అతను, ఇంతకుముందు ఏ కొత్తమనిషితోనూ మాట్లాడని ఆ బొంగురు గొంతుతో, అడిగాడు. మాట సగం లోపలే నలిగిపోయింది. ఆవిడకి అర్థం కాలేదు, దగ్గరికి వచ్చి చెవి వంచింది. అతనికి చెవులు వేడెక్కాయి. గడ్డం మీద తడి ఉందేమో, ఉంటే ఉండనీ అనుకున్నాడు. ఒక్కొక్క అక్షరం విడదీసి మళ్ళీ చెప్పాడు.

"ఇంకో పళ్ళెం కావాలి. మా ఆవిడకి."

ఆవిడ ఒకసారి అతన్ని, ఒకసారి ఆమెని చూసి, తలూపి ఖాళీ పళ్ళెం ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. భార్య ఇక వద్దనలేదు. కుర్చీ బల్లకి దగ్గరగా జరుపుకుని, గాజులు మణికట్టు మీదికి లాక్కుని, జారుతుంటే ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంది. ఇద్దరూ వంటింటి తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని అటే చూస్తున్నారు.